కుర్చీ ఎవరికి, చాప ఎవరికి?

పాఠ్యభాగములు: 1 సమూయేలు 16:1–13, యాకోబు 2:1–9, యోహాను 7:21–24

ఈ నెల పాఠమును వ్రాయుటకు కూర్చున్నప్పుడు మాకు కొంత సిగ్గు కలిగినది. ఏలయనగా దీనికి కావలసిన దృష్టాంతమును వెదకుటకు మేము దూరము పోనక్కరలేకపోయెను. అది మా సంఘములోనే, మా చేతిమీదుగానే జరిగినది. చదువుట రాని మన తల్లులకు ఇంటిలో ఎవరైనను దీనిని బిగ్గరగా చదివి వినిపించుడి. కడపట వచ్చు మాట అట్టి తల్లి ఒకామె చెప్పినదే.

2018వ సంవత్సరపు వేసవి నాటికి మా మందిరపు పైకప్పు చాల పాడైపోయియుండెను. వాన వచ్చినయెడల ప్రసంగపీఠమునకు ఎడమ ప్రక్కను రెండు చోట్ల బొక్కెనలు పెట్టుచుంటిమి. క్రొత్త రేకులకొరకు మా స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము కానుక మొదలుపెట్టిరి. ఇది మీలో అనేకులు ఎరిగినదే. ఎసట్లో బియ్యము పోయుటకు ముందు తల్లి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయును. ఆదివారమున ఆ కుండ మందిరమునకు వచ్చును. కూలి దొరకని దినమున కూడ ఆ పిడికెడు ప్రక్కకు తీసినవారు మా సంఘములో ఉన్నారు. ఆ బియ్యము అమ్మగా వచ్చినదియు, పెండ్లి కానుకలును, పంటల పండుగ వేలము డబ్బును కలిపి నాలుగు సంవత్సరములలో 22,400 రూపాయలు చేరెను.

అప్పుడు మా యొద్దకు ఒక పెద్దమనిషి వచ్చెను. కారు దిగెను. నల్లని సూటు, ఎఱ్ఱని టై, అద్దమువలె మెరయు బూట్లు, చేతిలో జిప్పు గల బైబిలు. పట్టణములోని ఒక పరిచర్య సంస్థ పల్లెటూరి మందిరములకు రెండేసి లక్షలు ఇచ్చుచున్నదనియు, స్థానిక సంఘము తన వంతు ముందుగా కట్టినచో మూడు నెలలలో సొమ్ము వచ్చుననియు చెప్పెను. మేము ఆయనను వేదిక మీద కుర్చీలో కూర్చుండబెట్టితిమి. ఆ కుర్చీ బిషప్పుగారు వచ్చినప్పుడు వేయునది. ఆయన ప్రార్థన చేసెను; మంచి ప్రార్థనయే. మేము 22,400 రూపాయలు రెండు చేతులతో ఆయన చేతిలో పెట్టి, అచ్చువేసిన రసీదు పుచ్చుకొంటిమి. మీకు సంస్థ కాగితములేమైన ఉన్నవా అని అడుగవలెనని ఒక క్షణము మనస్సున తోచినది. సూటు వేసికొన్నవానిని ఎట్లు అడుగుదుము? అడుగలేదు.

అంతకు రెండు వారములు ముందు మరియొకడు వచ్చియుండెను. అతడు మా ఊరి దగ్గర బోరుబావి త్రవ్వుచున్న లారీతో వచ్చిన కూలివాడు. చొక్కా భుజము మీద చినిగియుండెను, కాళ్లకు మోకాళ్ల వరకు తెల్లని రాతిబూడిద. ఆరాధన మొదలైన తరువాత గుమ్మము దగ్గర నిలిచెను. చెప్పులు విడిచి లోపలికి రాబోగా మా సంఘపు పెద్ద ఒకరు చేయి అడ్డముపెట్టి, అక్కడనే కూర్చుండుమని చెప్పులు విడుచు చోటు చూపించెను. గోనెపట్టా కూడ వేయలేదు. మేము పీఠము మీదనుండి దానిని చూచితిమి. చూచియు ప్రకటనలు చదువుటకు మొదలుపెట్టితిమి. రెండవ కీర్తన అయిన తరువాత చూడగా అతడు అక్కడ లేడు. అతని పేరు మాకు తెలియదు. బోరు పని ముగిసి లారీ వెళ్లిపోయెను.

ఇక వాక్యము చూతము. సమూయేలు నూనె కొమ్ము పట్టుకొని బేత్లెహేమునకు వెళ్లిన సంగతి ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలిసినదే. యెష్షయి పెద్ద కుమారుడైన ఏలీయాబు ఎదుట నిలువగానే ప్రవక్త మనస్సులో ఇతడే అనుకొనెను. అతని రూపమును ఎత్తును చూడవద్దనియు, మనుష్యుడు పైకి కనబడు దానిని చూచుననియు, తాను హృదయమును చూచుదుననియు దేవుడు అతని ఆపెను. ఇంతవరకు అందరము చెప్పుదుము. అయితే ఒక సంగతిని మనము దాటిపోవుచున్నాము. సమూయేలు ఈ తప్పు చేయుట ఇది మొదటిసారి కాదు. ఇదే గ్రంథము 10వ అధ్యాయములో సౌలును జనుల ఎదుట నిలిపినప్పుడు, భుజముల పైకి అందరికంటె ఎత్తరియైన ఆ మనుష్యుని చూపి, జనులందరిలో ఇట్టివాడు లేడని చెప్పినది ఈ సమూయేలే. ఆ ఎత్తు చివరకు ఏమైనదో అతనికి తెలియును. సౌలు కొరకు అతడు ఏడ్చుచుండగనే దేవుడు అతనిని బేత్లెహేమునకు పంపెను. కండ్లు ఇంకను తడిగా ఉండగనే మరల ఎత్తరిని చూచి మరల అదే మాట! చిన్ననాట దేవుని స్వరము వినిన సమూయేలే కంటిచేత రెండుమారులు మోసపోయినయెడల, మనకు కలుగు మోసము ఎంతయని చెప్పవలెను?

మరియొక సంగతి. దావీదు చూచుటకు వికారముగా ఉండెనని లేఖనము చెప్పుట లేదు. అతడు ఎఱ్ఱనివాడు, మంచి నేత్రములు గలవాడు. కాబట్టి అందము గలవాడు చెడ్డవాడనియు, చినిగిన బట్టలవాడు మంచివాడనియు ఈ పాఠమునకు అర్థము కాదు. అట్లనుకొన్నను అది పైరూపమును చూచి తీర్చు తీర్పే. తిరుగవేసిన చొక్కా వంటిది. సమూయేలు చేసిన మంచిపని యేమనగా, ఏడుగురు కుమారులు దాటిపోయిన తరువాత, ఇంక ఎవరైన ఉన్నారా అని అడిగెను. తండ్రియే విందునకు పిలువని ఒకడు గొఱ్ఱెల దగ్గర ఉండెను. అతడు వచ్చువరకు ఎవరును భోజనమునకు కూర్చుండకూడదని ప్రవక్త పట్టుబట్టెను. ఆ ప్రశ్న అడిగి, ఆ ఆకలితో నిలిచియుండకపోయినయెడల అభిషేకము జరుగకపోవును. మన సంఘపు విందులలో ఎవరును పిలువక మరచినవారు ఎవరో ఎప్పుడైన లెక్క చూచితిమా?

మా కథకు వత్తుము. మూడు నెలలు గడచినవి, ఆరు నెలలు గడచినవి. ఫోను మ్రోగలేదు. రసీదు మీద హైదరాబాదు పాతబస్తీలో దబీర్‌పురా దర్వాజా వద్ద కార్యాలయమున్నట్లు అచ్చువేయబడియుండెను. మేమును మా సంఘపు పెద్దయు దానిని పట్టుకొని బస్సెక్కితిమి.

ఆ పేట నెరుగనివారికొరకు ఒక మాట. పూర్వము హైదరాబాదు నగరము చుట్టు రాతిగోడ ఉండెను, దానికి 13 దర్వాజాలు ఉండెను. నేడు నిలిచియున్నవి రెండే. ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది ఈ దబీర్‌పురా దర్వాజా. ఏటేట మొహర్రము పదియవ దినమున బీబీకా ఆలము ఏనుగు మీద బయలుదేరునది ఈ పేటలోని బీబీకా అలావా నుండియే. అది చాదర్‌ఘాటు వరకు పోవును. దానిని చూచుటకు అన్ని మతములవారు దారి పొడుగున నిలుచుదురు. దబీరు అను పారసీ మాటకు వ్రాయసగాడు అని అర్థము. వ్రాయసగాండ్ర పేరు గల పేటను ఏరి దొంగ రసీదు మీద అచ్చువేయించినవాని తెలివికి ఏమందుము!

బయలుదేరునప్పుడు ఊరిలో ప్రతివాడును ఒకటే చెప్పెను. పాతబస్తీకా? జేబు జాగ్రత్త అని. చెప్పినవారిలో ఒక్కరును ఆ పేటను చూచినవారు కారు. మేమును చూడలేదు. అయినను మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో దిగినది మొదలు మా కుడి చేయి జేబు మీదనే ఉండెను. దారుల్‌షిఫా మీదుగా నడిచి, దర్వాజా చేరి, ముగ్గురు దుకాణదారులకు రసీదు చూపితిమి. ఎవరికిని తెలియలేదు. దర్వాజా నీడలో ఒక రేకు పెట్టె ముందుంచుకొని, తాళములును గొడుగులును బాగుచేయు ముసలివాడొకడు కూర్చుండియుండెను. గళ్ల లుంగీ, పొడుగాటి తెల్ల గడ్డము, నూనె మరకలు పట్టిన చేతులు. ఏమి వెదకుచున్నారని అతడే మమ్మును పిలిచెను. మేము వినబడనట్లు రెండడుగులు ముందుకు వేసితిమి. అతడు లేచి మా వెనుక వచ్చెను. అప్పుడు మా గుండె కొట్టుకొన్నది నిజమే, దాచుట ఎందుకు?

అతడు రసీదు తీసికొని మాచేత పైకి చదివించుకొనెను. ఆ నంబరు గల ఇల్లు ఈ గల్లీలో ఉండదు, అయినను చూతము రమ్మని చెప్పి, పెట్టెకు తాళము వేసి, ప్రక్క టీ దుకాణములో దానిని అప్పగించెను. తరువాత రెండు గంటలకు పైగా మమ్మును వెంటబెట్టుకొని గల్లీ గల్లీ తిరిగెను. తలుపు తట్టుట, ఉర్దూలో అడుగుట, మాకు తెలుగులో చెప్పుట. చివరకు ఆ నంబరు దొరికినది. అది బుర్ఖాలు కుట్టు ఒక చిన్న గది. ఆ దర్జీ మా రసీదు చూచి, గడచిన నెలలో కరీంనగరు వైపునుండి ఇద్దరు ఇట్టి కాగితమే తెచ్చి ఏడ్చి పోయిరని చెప్పెను. మా పెద్ద గోడకు చేరబడి కూర్చుండిపోయెను. ముసలివాడు మంచినీళ్లు తెప్పించి, ఆ మీదట మమ్మును పోలీసు ఠాణాకు తీసికొనిపోయి, ఫిర్యాదు వ్రాయించి, దాని నకలు మా చేతికి వచ్చువరకు బల్ల మీద కూర్చుండెను. అతని ఆనాటి కూలి సగము పోయినది.

సెలవు తీసికొనునప్పుడు మేము వంద రూపాయల నోటు తీసి ఇవ్వబోయితిమి. అతడు పుచ్చుకొనలేదు. నవ్వుచు ఇట్లనెను: “పైసలొద్దు పాస్టరు సాబ్. పొద్దుగాలసంది జేబు వట్టుకొనే నడుస్తున్నరు. చెయ్యి నొస్తలేదా?”

మేము బదులు చెప్పలేకపోతిమి. ఆ జేబులో ఉన్నది తిరుగు ప్రయాణపు డబ్బు, 600 రూపాయలకు కొంచెము ఎక్కువ. సూటు గలవానికి 22,400 రెండు చేతులతో ఇచ్చినవారము, గడ్డము గలవాని యొద్దనుండి 600 కాపాడుకొంటిమి. ఆ మాట కోపముతో చెప్పియుండినయెడల మేము సహించియుందుము. అతడు నవ్వుచు చెప్పెను. ఇట్టి చూపులు అతనికి అలవాటేమో.

నతనయేలు గుర్తునకు వచ్చెను. నజరేతు అను పేరు వినగానే, అక్కడనుండి మంచిదేమి రాగలదని అడిగిన యథార్థవంతుడు అతడు. ప్రభువు అతనియందు కపటము లేదని సాక్ష్యమిచ్చెను. అనగా కపటము లేనివారికి కూడ ఊరి పేరు మీద తలంపు చెడగలదు. ఫిలిప్పు అతనితో వాదించలేదు, వచ్చి చూడమనెను. నతనయేలు వెళ్లెను. మేము దబీర్‌పురాకు చూచుటకు వెళ్లలేదు, డబ్బుకొరకు వెళ్లితిమి. డబ్బు దొరకలేదు, చూచుట మాత్రము దొరికెను.

తిరుగు దారిలో పురానీ హవేలీ ఉన్నది. అది నిజాము ప్రభువుల పాత భవనము. 2000వ సంవత్సరమున అక్కడ మ్యూజియము తెరువబడినది. బస్సుకు వేళ ఉండుటచేత టిక్కెట్టు కొని లోపలికి పోతిమి. ఆరవ నిజామైన మహబూబ్ అలీ ఖాను (1866–1911) దుస్తుల అలమరలు అక్కడ ఉన్నవి. అలమర అనగా మన ఇంటి బీరువా అనుకొనకుడి. భవనపు ఒక పార్శ్వము పొడవున, సుమారు 176 అడుగులు, రెండు అంతస్తులుగా కట్టిన కొయ్య అర. పై అంతస్తునకు పోవుటకు చేతితో త్రిప్పు కొయ్య లిఫ్టు. ఒకమారు తొడిగిన దుస్తులు ఆయన మరల తొడుగడని చెప్పుకొందురు. మా పెద్ద ఆ అరను ఈ చివరనుండి ఆ చివరకు అడుగులు లెక్కపెట్టి, మన మందిరముకంటె ఎంతో పొడుగు అయ్యగారూ అనెను.

ఆయన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాను 1911 మొదలు 1948 వరకు రాజ్యమేలెను. 1937లో అమెరికాలోని టైము పత్రిక ఆయన బొమ్మను అట్టమీద వేసి, లోకములో అతి ధనవంతుడని వ్రాసెను. అట్టివాడు మాసిన టోపీ, నలిగిన షేర్వాణీ వేసికొని తిరిగెనని హైదరాబాదు వృద్ధులు కథలు కథలుగా చెప్పుదురు. తండ్రి పాదరక్ష ముందు భాగములో దాచియుంచిన ఒక రాయి ఆయనకు దొరికెననియు, దానిని బల్లమీద కాగితములు ఎగిరిపోకుండ బరువుగా పెట్టుకొనెననియు చెప్పుదురు. ఆ రాయి 184 కారట్లకు మించిన జాకబు వజ్రము. 1995లో భారత ప్రభుత్వము నిజాము నగలతోపాటు దానిని కొన్నది.

ఈ వజ్రపు కథను మేము లోగడ రెండు మూడు కూటములలో ప్రసంగములో వాడితిమి. మాసిన టోపీ క్రింద మహారాజు ఉండవచ్చును, పాత జోడులో వజ్రము ఉండవచ్చును, కాబట్టి ఎవరినైనను చులకన చేయకుడి అని చెప్పితిమి. వినువారు సంతోషించిరి. ఇప్పుడు ఆ ప్రసంగమును మేము వెనుకకు తీసికొనుచున్నాము. ఏలయనగా దానిలో ఒక విషము దాగియున్నది. బీదవానిని గౌరవించుము, ఒకవేళ అతడు ధనవంతుడేమో అని అది బోధించుచున్నది. అప్పుడు మనము గౌరవించినది ఎవరిని? ఆ వజ్రమునే గదా. జోడులో వజ్రము లేకపోయినయెడల? టోపీ క్రింద ఉన్నవాడు నిజముగా బీదవాడే అయినయెడల? బోరు లారీ కూలివాడు మారువేషపు రాజు కాడు. దూత అని చెప్పుటకును మాకు ఆధారము లేదు. అతడు రాళ్లు కోయు యంత్రము దగ్గర పనిచేయు మనిషి. ఆదివారమున పాట వినబడి వచ్చెను. అతనికి మందిరములో చాప మీద చోటు రావలసియుండెను. రాలేదు.

యాకోబు పత్రిక 2వ అధ్యాయములో ఈ కుర్చీ సంగతి అంతయు ఉన్నది. బంగారు ఉంగరము పెట్టుకొని ప్రశస్త వస్త్రములతో ఒకడు, మురికి బట్టలతో ఒకడు సమాజ మందిరములోనికి వత్తురు. ఒకనికి మంచి స్థలము చూపుదురు, మరియొకనిని నిలిచియుండుమనియో కాళ్లపీట దగ్గర కూర్చుండుమనియో చెప్పుదురు. ఆ బీదవాడు తరువాత ఎవరని తేలెనో యాకోబు చెప్పడు. ఆ ధనవంతుడు దొంగయని తేలెననియు చెప్పడు. ఎవరుగా తేలినను తప్పు తప్పే. వారిద్దరును గుమ్మము దగ్గర క్రొత్తవారే. వారిని గూర్చి మనకు తెలిసినది బట్టలు మాత్రమే. ఆ కొంచెముతో కూర్చుండు చోటు నిర్ణయించినవాడు చెడ్డ తలంపులు గల న్యాయాధిపతియైనాడని అపొస్తలుడు తీర్పు చెప్పుచున్నాడు.

ఆ అధ్యాయపు మొదటి వచనములో మన తెలుగు బైబిలునందు మోమాటము అను మాట ఉన్నది. సెమినరీలో మాకు గ్రీకు నేర్పిన గురువుగారు అక్కడి మూలపదమునకు ముఖమును చేకొనుట అని అర్థము చెప్పిరి. మన భాషలోనిది కూడ మోము చుట్టు పుట్టిన మాటయే గదా! అయితే పల్లెలో మొగమాటము అనగా వేరొక సంగతి. ఎదుటివాని మొగము చూచి కాదనలేకపోవుట, అడుగవలసినది అడుగలేకపోవుట. ఈ రెండును వేరని మేము చాలకాలము అనుకొంటిమి. ఆ రసీదు పుచ్చుకొన్న దినమున మాకు కలిగినది ఏ మోమాటము? సూటును చూచి కుర్చీ వేసినది మొదటిది. కాగితములు అడుగలేకపోయినది రెండవది. రెండును ఒక్క వేరునుండి వచ్చినవే. ధనవంతుని మొగము ఎదుట నోరు రాదు, బీదవాని మొగము ఎదుట నోరు నిమిషములో వచ్చును. అక్కడ కూర్చో అనుటకు మా పెద్దకు ఏ మొగమాటమును కలుగలేదు. ఊరకుండుటకు మాకును కలుగలేదు.

అట్లయితే వచ్చిన ప్రతివానిని నమ్మవలెనా, తీర్పే తీర్చకూడదా అని కొందరు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. పర్ణశాలల పండుగలో ప్రభువు దేవాలయమందు బోధించుచు పైచూపును బట్టి తీర్పు తీర్చవద్దని చెప్పినప్పుడు, అక్కడితో ఆగలేదు; న్యాయమైన తీర్పు తీర్చుమని కూడ చెప్పెను. విశ్రాంతిదినమున సున్నతి చేయుట తప్పు కాదనువారు, అదే దినమున ఒక మనుష్యుని సంపూర్ణముగా స్వస్థపరచినందుకు కోపపడిరి. వారు దినమును చూచిరి గాని జరిగిన క్రియను చూడలేదు. గొఱ్ఱె చర్మము వేసికొని వచ్చు తోడేళ్లను గూర్చి కొండమీది ప్రసంగములో హెచ్చరించినదియు ఆయనే. ఫలములవలన వారిని తెలిసికొందురనెను. ఫలము ఒక దినములో కాయదు. చొక్కా మాత్రము ఒక చూపులోనే కనబడును. మనము చొక్కా దగ్గర ఆగిపోవుటకు కారణము చెడ్డతనముకంటె సోమరితనము ఎక్కువయేమో.

దీనికి మన తెలుగు సీమలోనే ఒక గొప్ప సాక్ష్యమున్నది. అమెరికను బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలునకు వచ్చిరి. ఆ సంవత్సరముననే తోళ్ల వ్యాపారము చేయు మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. అతని సాక్ష్యమువలన మాదిగవారు గుంపులుగా రాసాగిరి. ఊరిలోని పై కులములవారు, వీరిని చేర్చుకొన్నచో మేము రాజాలమని చెప్పిరి. తమ పిల్లలను మిషను బడినుండి తీసివేసిరి. దొరగారు గొప్ప సంకటములో పడిరి. చదువును పలుకుబడియు గలవారిని పోగొట్టుకొందునా అని. ఆ రాత్రి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయపు కడపటి వచనములు ఆయనకు కనబడెననియు, ప్రక్క గదిలో దొరసానిగారికి కూడ ఆ భాగమే కనబడెననియు చెప్పుదురు. లోకము ఎన్నిక చేయనివారిని దేవుడు ఏర్పరచుకొనిన సంగతి అక్కడ ఉన్నది. తలుపు మూయలేదు.

తరువాత 1876–78 నాటి గొప్ప కరువు వచ్చెను. దొరగారు బకింగుహాము కాలువలో మూడు నాలుగు మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. వేలమంది బాప్తిస్మము అడిగిరి. ఆయన ఇవ్వలేదు. కూటికొరకు వచ్చుచున్నారా, ప్రభువు కొరకు వచ్చుచున్నారా? అది మొగము చూచి చెప్పుట సాధ్యము కాదు. కాబట్టి ఆయన కనిపెట్టియుండెను. పనియు సహాయమును ముగిసిన తరువాత కూడ వారు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కడుపు కాలి వచ్చినవారని అప్పుడు ఎగతాళి చేసినవారును కలరు. వారును పైకి కనబడినదే చూచిరి. సమూయేలు ఎనిమిదవవాని కొరకు నిలిచియున్నట్లు దొరగారు కరువు దాటువరకు నిలిచిరి. న్యాయమైన తీర్పునకు అంత ఓపిక కావలెను.

సహోదరులారా, ఈ కథ మనది. మనలో అనేకుల తాతముత్తాతలు ఊరి బావి దగ్గర నిలువకూడనివారు, నీడ పడకూడనివారు. పుట్టుకను చూచి తోసివేయబడుట ఎట్టిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అట్టి మన మందిరములలోనే నేడు మాలపేటవారు ఒక ప్రక్క, మాదిగపేటవారు ఒక ప్రక్క కూర్చుండు సంఘములు ఉన్నవి. స్మశానములో కూడ హద్దురాళ్లు ఉన్న సంఘములను మేమెరుగుదుము. ఉద్యోగస్థుల కుటుంబమునకు ఫ్యాను క్రింద చోటు, కూలివారికి గోడ ప్రక్క. ఇది వ్రాసినందుకు మామీద కొందరు కోపపడుదురు, మంచిదే. యెషయా 53వ అధ్యాయములోని సేవకునికి చూచుటకు సొగసు లేదు, మనుష్యులు ఆయనను ఎన్నిక చేయలేదు. ఆయన మన గుమ్మము దగ్గరకు వచ్చిన దినమున మనము చూపు చోటు ఏది?

ఇక మిగిలినది చెప్పి ముగింతుము. దబీర్‌పురానుండి వచ్చిన తరువాతి ఆదివారమున మేము సంఘము ఎదుట నిలిచి, డబ్బు పోయినదనియు, తప్పు మాదేననియు చెప్పితిమి. సూటు సంగతియు, కూలివాని సంగతియు, జేబు సంగతియు దాచలేదు. ఎవరును మాటలాడలేదు. డబ్బు నేటివరకు తిరిగి రాలేదు. ఆరాధన అయిన తరువాత పిడికెడు బియ్యపు కుండ మొదట తెచ్చిన వృద్ధురాలు మా యొద్దకు వచ్చెను. ఆమెకు అక్షరము రాదు. ఆమె ఇట్లనెను: “అయ్యగారూ, ఆ సూటాయన బూట్లు ఇడువకుండ గుళ్లెకు వచ్చిండు. నేను గప్పుడే జూసిన.”

మేము నివ్వెరపోతిమి. మన మందిరములలో పిల్లవాడు కూడ చెప్పులు గుమ్మము దగ్గర విడుచును. బూడిద కాళ్ల కూలివాడు విడిచెను. ఆ బూట్లు మెరయుట మేము చూచితిమి గాని, అవి వేదిక మీద ఉన్నవని చూడలేదు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితిమి.

“మీరు కుర్చేసిండ్రు గద. మీరు కుర్చేసినాయనను నేనేమంట?”

కాపరి వేసిన కుర్చీ మందయంతటి నోరు మూయించెను. 22,400 రూపాయలకంటె ఇది మాకు ఎక్కువ భారముగా ఉన్నది. ఆ వారము పెద్దలతో మాటలాడి ఆ కుర్చీని బడికి పంపివేసితిమి. ముందు వరుసలోని మరి నాలుగు కుర్చీలు నడుము నొప్పి గల ముసలివారికని గోడ ప్రక్కకు జరిపి, ముందు భాగమంతయు చాపలు పరచితిమి. ప్రకటన ఏదియు చేయలేదు. మొదటి ఆదివారము కొందరు పెద్దలు ఎక్కడ కూర్చుండవలెనో తెలియక కొంతసేపు నిలిచియుండిరి. తుదకు, కూలివానికి చెప్పులు విడుచు చోటు చూపిన ఆ పెద్దయే, మాతోకూడ దబీర్‌పురా వచ్చినవాడు, మెల్లగా వెళ్లి గుమ్మము దగ్గరి చాప మీద కూర్చుండెను. ఇప్పటికిని అక్కడనే కూర్చుండుచున్నాడు. క్రొత్తవారు వచ్చినప్పుడు జరిగి చోటిచ్చుచున్నాడు.